రోలర్ కోస్టర్ ఎక్కే ముందు ఇంట్లో పిరికివాళ్లను లెక్కపెట్టండి

వేసవి సెలవులు రాగానే జడ్చర్ల నుంచి మా అక్కా బావా పిల్లలతో నల్లగొండకు వస్తారు. వచ్చిన రెండో రోజుకే ఇంట్లో వాదన మొదలవుతుంది. పన్నెండేళ్ల మేనల్లుడు ఫోనులో తలకిందులయ్యే రోలర్ కోస్టర్ల వీడియోలు చూసి చూసి, అంతకు తక్కువదేదీ ఎక్కనంటాడు. ఐదేళ్ల మేనకోడలు చెరువుగట్టు జాతరలో డ్రాగన్ రైలెక్కి నవ్వుతూ దిగింది కాబట్టి, తాను భయపడాల్సింది ఇక లోకంలో ఏదీ లేదనుకుంటుంది. బావకు మెడనొప్పి. అమ్మ మాత్రం "మీరు ఎక్కండి బిడ్డా, నేను సంచులు చూసుకుంటాను" అంటుంది. ఆమెకూ ఒకసారి ఎక్కాలని ఉందని ముఖం చూస్తే తెలిసిపోతుంది.

చాలా ఇళ్లలో ఇలాంటి వాదనలో ధైర్యవంతుడి మాటే నెగ్గుతుంది. తీరా అక్కడికి వెళ్లాక అతనొక్కడు పైకెక్కి కేకలు పెడుతుంటే, మిగతా నలుగురు ఎండలో కంచె పక్కన నిలబడి అతని చెప్పులూ ఫోనూ నీళ్ల సీసా మోస్తుంటారు. టికెట్ మాత్రం అందరికీ తీసుకున్నదే.

నేను ఈ లెక్కను తిరగేశాను. ఇంట్లో అందరికంటే పిరికివాళ్లు ఎవరు, అందరికంటే పొట్టివాళ్లు ఎవరు అన్నది ముందు తేల్చుకోవాలి. వాళ్లు ఎక్కగలిగిన వాటిలో పెద్దదేదో అదే ఆ రోజు మన కోస్టర్. ధైర్యవంతుడికి విడిగా ఒక గంట కేటాయిస్తే చాలు, వాడు అలగడు.

కుటుంబ కోస్టర్ అంటే చిన్నపిల్లల బొమ్మరైలు కాదు

ఫ్యామిలీ కోస్టర్ అనగానే మన పెద్దలు తేలిగ్గా తీసుకుంటారు. అది పసిపిల్లల రైలుకూ తలకిందులు చేసే పెద్ద కోస్టర్‌కూ మధ్యలో ఉంటుంది. సాధారణంగా నాలుగైదు అంతస్తుల లోపు ఎత్తు, గంటకు 40 నుంచి 60 కిలోమీటర్ల వేగం, తలకిందులు చేసే చుట్లు లేని పట్టాలు, ఒడి మీదకు దిగే ఒక కడ్డీ. అంకెల్లో చూస్తే ఇది మన హైవే మీద ఆర్టీసీ బస్సు వేగం కూడా కాదు. కానీ బస్సుకు కిటికీలూ పైకప్పూ ఉంటాయి, రోడ్డు కనిపిస్తుంది. ఇక్కడ ముఖానికి గాలి నేరుగా కొడుతుంది, పట్టాలు అరికాలి కిందే ఉంటాయి, మలుపు ఎక్కడుందో కనిపించదు. అరవై కిలోమీటర్లు వందలా అనిపించేది అందుకే.

థీమ్ అంటే ఆ కోస్టర్ చుట్టూ కట్టిన కథ. పాడుబడ్డ బంగారు గని కావచ్చు, అడవి కావచ్చు, అంతరిక్షం కావచ్చు. ఇది కొత్త ఆలోచన కూడా కాదు. లామార్కస్ థాంప్సన్ అనే అమెరికన్ 1884లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో నడిపిన రైలు గంటకు పది కిలోమీటర్లకు మించలేదు. అయినా జనం విరగబడ్డారు. మూడేళ్లకు ఆయనే మరో రైలును బొమ్మలు గీసిన సొరంగాల గుండా, రంగుల దృశ్యాల గుండా నడిపాడు. వేగం పెంచడానికి దారి లేని రోజుల్లో కథను పెంచాడన్నమాట. ఇవాళ్టి థీమ్ కోస్టర్లన్నీ ఆ సొరంగానికి వారసులే. 1979లో అమెరికాలోని డిస్నీలాండ్‌లో మొదలైన బిగ్ థండర్ మౌంటెన్ గని రైలు ఈ పద్ధతికి పెద్ద నమూనా. అక్కడ 102 సెంటీమీటర్లు దాటిన పిల్లలను ఎక్కనిస్తారు.

ఆ 102 అనే అంకె దగ్గర ఒక్క క్షణం ఆగాలి. పార్కుల్లో వయసు చూడరు, ఎత్తు చూస్తారు. కడ్డీ పిల్లల తొడల మీద సరిగ్గా కూర్చోవాలంటే శరీరం ఇంత పొడవు ఉండాలని తయారీదారులే గీత గీస్తారు. ఫ్యామిలీ కోస్టర్లకు ఆ గీత ఎక్కువచోట్ల 90 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది, కొన్నింటికి పక్కన పెద్దవాళ్లు కూర్చోవాలన్న షరతు కూడా ఉంటుంది. తలకిందులయ్యే పెద్ద వాటికి గీత 120 నుంచి 140 దాకా వెళుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం ఐదేళ్లు నిండిన పిల్లల సగటు ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు. మన పిల్లలు ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ ఉండవచ్చు. కాబట్టి బయలుదేరే ముందు రోజు రాత్రే గోడకు ఆనించి, చెప్పులు విప్పించి, దర్జీ టేపుతో కొలవండి. గంట క్యూలో నిలబడ్డాక గేటు దగ్గర సెంటీమీటరు తక్కువైందని వెనక్కి పంపిస్తే ఆ పిల్ల ఏడుపు ముందు ఏ కోస్టరూ నిలవదు. ఎత్తు మడమల చెప్పులేసి గీత దాటించే తెలివి మాత్రం వద్దు. ఆ గీత పిల్లల కోసమే ఉంది.

జాతర రైలు

మన దగ్గర చాలామందికి మొదటి కోస్టర్ జాతరలోనో, ఊరి మైదానంలో వేసిన ఎగ్జిబిషన్‌లోనో దొరుకుతుంది. నార్కట్‌పల్లి దగ్గరి చెరువుగట్టు, మహబూబ్‌నగర్ వైపు మన్యంకొండ, కార్తీకంలో కురుమూర్తి, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గరి పెద్దగట్టు. రంగులరాట్నం, జెయింట్ వీల్, పడవలా ఊగే కొలంబస్, వాటి పక్కన డ్రాగన్ రైలు. హైదరాబాద్ నాంపల్లిలో ఏటా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్‌లోనూ వీటికి పెద్దన్నలు ఉంటాయి. నుమాయిష్ 1938 నుంచి నడుస్తోంది, మా తాతల కాలం వాళ్లు కూడా అక్కడ ఏదో ఒకటి ఎక్కి కళ్లు తిరిగి దిగినవాళ్లే.

డ్రాగన్ రైలుకూ అసలు కోస్టర్‌కూ ఒక మౌలికమైన తేడా ఉంది. కోస్టర్‌ను ఒకసారి పైకి లాగి వదిలేస్తే, ఆ తర్వాత దాన్ని నడిపేది దాని బరువే. డ్రాగన్ రైలును మోటారు తోస్తూనే ఉంటుంది. అందుకే దాని పరుగు చివరిదాకా ఒకే తీరుగా ఉంటుంది, కడుపులో దూది తేలినట్టయ్యే క్షణం దాదాపు రాదు. ఒకటే చిన్న దారిలో నాలుగైదు చుట్లు తిప్పుతారు, కాబట్టి రెండో చుట్టుకే పిల్లలకు అంతా తెలిసిపోతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలకు, మొదటిసారి ఎక్కే పెద్దలకు ఇంతకంటే మంచి బడి లేదు. డబ్బు తక్కువ, క్యూ తక్కువ, నచ్చకపోతే పోయేదేమీ లేదు.

అయితే ఇవి ఈ వారం ఇక్కడ బిగించి, వచ్చే వారం విప్పి లారీలో మరో ఊరికి మోసుకెళ్లే యంత్రాలు. నేను ఎక్కే ముందు రైలును చూడను, దాని కాళ్లను చూస్తాను. ఫ్రేమ్ కింద చెక్కదిమ్మెలు సరిగ్గా ఆనాయా, వాన పడి నేల కుంగిందా, సీటు కడ్డీకి పిన్ను ఉందా, స్విచ్ దగ్గర మనిషి నిలబడి ఉన్నాడా లేక ఫోను చూసుకుంటున్నాడా. కొన్నేళ్ల క్రితం ఒక పట్టణంలో ఎగ్జిబిషన్‌కు వెళితే, కడ్డీకి పిన్ను బదులు ఇనుప తీగ చుట్టి ఉంది. అడిగితే "ఏమీ కాదన్నా, పొద్దుటి నుంచి అలాగే తిరుగుతోంది" అన్నాడు. పొద్దుటి నుంచి తిరుగుతోందనే నాకు భయమేసింది. మేనకోడలిని చంకనెత్తుకుని దిగిపోయాను. ఆమె రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అయినా సరే.

జెయింట్ వీల్ గురించి ఒక్క మాట. కోస్టర్ అంటే భయపడేవాళ్లు "ముందు జెయింట్ వీల్ ఎక్కి అలవాటు చేసుకుంటాం" అంటారు. అది తప్పుడు పరీక్ష. చక్రం పైకొసన ఆగిపోయినప్పుడు పుట్టే భయం ఎత్తు భయం. దానికి చాలా సమయం ఉంటుంది, ఆలోచించే కొద్దీ పెరుగుతుంది. కోస్టర్‌లో ఆలోచించే తీరికే ఇవ్వరు. జెయింట్ వీల్‌లో కళ్లు మూసుకున్న మా అక్క కోస్టర్‌లో హాయిగా నవ్వింది.

వండర్‌లా, రామోజీ

దక్షిణ తెలంగాణ వాళ్లకు ఒక్క రోజులో వెళ్లి రాగలిగిన పెద్ద పార్కు వండర్‌లా. 2016 ఏప్రిల్‌లో రావిర్యాల దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డును ఆనుకుని మొదలైంది. మహబూబ్‌నగర్ నుంచి షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ దాకా వచ్చి ఔటర్ ఎక్కితే సరిపోతుంది. నల్లగొండ నుంచి విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి ఔటర్ ఎక్కవచ్చు. నగరంలోకి దిగనవసరమే లేదు. దేవరకొండ వైపు వాళ్లకు మాల్ అనే ఊరు, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్లే దారి దగ్గర.

అక్కడ మేనల్లుడి కల రీకాయిల్. వరుసగా మూడుసార్లు తలకిందులు చేసి, చివర నిటారుగా పైకెక్కి ఆగి, అదే దారిలో వెనక్కి పరుగెత్తే రకం. వెళ్లేటప్పుడు పడిన మూడు పల్టీలూ వచ్చేటప్పుడు వీపు వైపు నుంచి మళ్లీ పడతాయి. ఇది కుటుంబ కోస్టర్ కాదు, ఆ మాట స్పష్టంగా అనుకోవాలి. భుజాల మీద నుంచి దిగే కవచం ఉంటుంది, దానికి తల అటూ ఇటూ తగులుతుంది. మెడ, నడుము నొప్పులున్నవాళ్లు కింద నిలబడి చూడటమే మేలు. బావ ఎక్కుతానని పట్టుబట్టాడు. అక్క చూసిన చూపుకు మళ్లీ ఆ మాటెత్తలేదు.

అయితే ఆ పార్కులో చిన్నవాళ్ల కోసం, మధ్యరకం వాళ్ల కోసం వేరే రైడ్లున్నాయి, నీటి ఆటలున్నాయి. ఐదుగురిలో ముగ్గురికి నీళ్లంటే ఇష్టమైతే వండర్‌లాయే సరైన ఎంపిక. నీటి ఆటలకు నైలాన్ లాంటి సింథటిక్ దుస్తులే అనుమతిస్తారు, నూలు చీరలూ పంజాబీ డ్రెస్సులూ పనికిరావు. పెద్దవాళ్లకు ఈ సంగతి ఇంటి దగ్గరే చెప్పి ఒప్పించాలి, లేకపోతే రోజంతా అలుగుతారు. పొడి రైడ్లన్నీ పొద్దున్నే ముగించి, మధ్యాహ్నం నీళ్లలోకి దిగండి. మే నెలలో మన ఎండకు రెండింటికి కోస్టర్ సీటు మీద కూర్చుంటే పెనం మీద అట్టు వేసినట్టే.

రామోజీ ఫిల్మ్ సిటీ నల్లగొండ వాళ్లకు ఇంకా దగ్గర, చౌటుప్పల్ దాటాక అదే హైవే మీద వస్తుంది. కానీ కోస్టర్ కోసం అక్కడికి వెళ్లకండి. 1996లో మొదలైన ఆ నగరం బలం సెట్టింగులు, ప్రదర్శనలు, తోటలు. రైడ్లు వాటి పక్కన తోడు మాత్రమే. అమ్మలాంటివాళ్లు, మెడనొప్పి వాళ్లు ఎక్కువగా ఉన్న ఇంటికి అది హాయి. ధైర్యవంతులు ఎక్కువగా ఉన్న ఇంటికి సాయంత్రానికి ఆవలింతలే మిగులుతాయి.

దూరం వెళ్లడానికి సిద్ధమైతే

నిజంగా కథ చుట్టూ కట్టిన కుటుంబ కోస్టర్ చూడాలంటే మహారాష్ట్రలో రాయగఢ్ జిల్లా ఖోపోలీ దగ్గరి ఇమాజికా ఉంది. 2013లో మొదలైంది. అక్కడి గోల్డ్ రష్ ఎక్స్‌ప్రెస్ పేరుకు తగ్గట్టే పాత అమెరికా బంగారు గని రైలు. అదే పార్కులో నైట్రో కూడా ఉంది. అది ఐదుసార్లు తలకిందులు చేసే, దాదాపు 40 మీటర్ల ఎత్తున్న రాకాసి. ఒకే పార్కులో చిన్నదానికి గని రైలు, పెద్దవాడికి రాకాసి రెండూ దొరుకుతాయి. ఈ కారణంగా మా ఇంటి లాంటి ఇంటికి అది మంచి ఎంపికే. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే రైళ్లలో చాలావరకు పుణె, లోనావాలా మీదుగా పోతాయి, అక్కడి నుంచి ఖోపోలీ దగ్గర. కానీ ఐదుగురికి రైలు, బస, టికెట్లు కలిపితే ఖర్చు వండర్‌లాకు ఎన్నో రెట్లవుతుంది. రెండు నిమిషాల రైడ్ కోసమే అయితే వెళ్లమనను. లోనావాలా, పుణె, షిర్డీ లాంటివి కలిసొస్తే మాత్రం వెళ్లండి. పిల్లలు 110 సెంటీమీటర్లు దాటాక వెళ్లండి, రెండేళ్లు ఆగితే టికెట్ డబ్బు పూర్తిగా గిట్టుబాటవుతుంది.

ఎవరికి ఏ రకం

ఏ పార్కుకు వెళ్లినా కుటుంబ కోస్టర్లు నాలుగైదు రకాల్లోనే వస్తాయి. గని రైలు రకం అందరికీ కుదురుతుంది. పొడవైన రైలు, పక్కకు ఒరిగే మలుపులు, చిన్న చిన్న దిగుడులు. మొదటిసారికి ఇదే నా ఓటు. పట్టాల కింద సీటు వేలాడే రకంలో కాళ్లు గాల్లో ఊగుతాయి. పిల్లలకు పండగ, ఎత్తు భయం ఉన్నవాళ్లకు నరకం. చీకటి గదిలో నడిచే రకం మోసకారి. బయట వెలుతురులో అయితే ఎంతో నెమ్మదైన పట్టాలే చీకట్లో భయపెడతాయి, ఎందుకంటే మలుపు వస్తోందని ఒళ్లు ముందే సిద్ధం కాలేదు. మెడనొప్పి వాళ్లు దీనికి దూరంగా ఉండాలి.

ఇక బండి తన చుట్టూ తాను గిరగిరా తిరుగుతూ పోయే రకం. బస్సులో వాంతులు చేసుకునే అలవాటున్న వాళ్లను దీని దరిదాపులకు కూడా పంపకండి. చెవి లోపల సమతూకం చూసే భాగం ఒకటి చెబుతుంటే కళ్లు మరొకటి చెబుతాయి, ఆ తగవు కడుపు మీదకు వస్తుంది. ఇదే కారణంగా ఎగ్జిబిషన్లలో గిరగిరా తిప్పే బ్రేక్ డాన్స్ అనే రైడ్, కోస్టర్ కంటే ఎక్కువ మందిని మూలకు కూర్చోబెడుతుంది. నేరుగా పోయే కోస్టర్‌లో వికారం తక్కువ. పైగా రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ఎక్కాక ఏమవుతుంది

భయం సగం తెలియకపోవడం వల్ల పుడుతుంది. కాబట్టి మా ఇంట్లో పిల్లలకు చెప్పినట్టే మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

క్యూలో ఉన్నప్పుడే థీమ్ మొదలవుతుంది. గోడల మీద గని పనిముట్లు, లాంతర్లు, ఎక్కడి నుంచో రైలు కూత. ఇది అలంకారమే కాదు, మన చూపును ముందున్న తలల మీద నుంచి తప్పించే ఉపాయం. పిల్లలకు అక్కడే కథ చెప్పడం మొదలుపెట్టండి. మేనకోడలికి నేను "లోపల పాత గని ఉంది, బంగారం పోగొట్టుకున్న ముసలాయన ఇంకా వెతుకుతున్నాడు" అన్నాను. రైడ్ అయ్యేదాకా ఆమె భయపడలేదు, ముసలాయన కోసం వెతికింది.

కూర్చోగానే కడ్డీ తొడల మీదకు దిగుతుంది. ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బించి ఖాళీ పెట్టుకునేవాళ్లను చూశాను, అలా చేయకూడదు. ఒంటికి ఆనుకునేలా దించుకోవాలి. సిబ్బంది వచ్చి లాగి చూస్తారు. వాళ్లు లాగే దాకా తృప్తి పడకండి.

తర్వాత రైలును గొలుసు పైకి లాగుతుంది. కింద నుంచి కటకటమని చప్పుడు వస్తుంది. ఏదో విరుగుతోందని చాలామంది అనుకునేది ఇక్కడే. లారీ కింద జాక్ ఎత్తేటప్పుడు పళ్లు ఒక్కొక్కటే పడుతూ వెనక్కి జారకుండా ఆపుతాయి కదా, ఇదీ అలాంటిదే. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా ఆపే పళ్ల చప్పుడది. అది వినిపిస్తుంటే ధైర్యంగా ఉండండి. అన్ని కోస్టర్లకూ ఆ చప్పుడు ఉండదు, కొత్త వాటిలో కొన్ని నిశ్శబ్దంగా ఎక్కుతాయి.

కొసకు చేరాక ఒక్క క్షణం అంతా ఆగినట్టుంటుంది. ఆ వెంటనే దిగుడు. కడుపులో ఏదో తేలినట్టు, గుండె గొంతులోకి వచ్చినట్టు అనిపించేది ఇప్పుడే. శరీరమూ లోపలి అవయవాలూ అన్నీ ఒకేసారి పడుతుంటే, వాటిని కింద నుంచి మోసే ఒత్తిడి తగ్గిపోతుంది, అంతే. దిగుడు అడుగున ఆ లెక్క తిరగబడుతుంది. కుటుంబ కోస్టర్లలో అక్కడ ఒంటి బరువు మామూలుకు రెండింతలో, ఇంకొంచెం ఎక్కువో అనిపిస్తుంది. అరవై కిలోల మనిషికి మరో మనిషిని ఒళ్లో కూర్చోబెట్టినట్టు. రెండు మూడు సెకన్లలో పోతుంది. అప్పుడు మెడ వంచి కిందకు చూడకండి, తల సీటుకు ఆనించి ముందుకు చూడండి. పై ప్రాణాలు పైనే పోతున్నాయనిపిస్తే నోరారా అరవండి. అరిస్తే ఊపిరి బిగబట్టడం కుదరదు, సగం బిగుతు అక్కడే పోతుంది.

తల పైనుంచి దూలం దూసుకుపోతే తగులుతుందని వంగుతారు. తగలదు. చేయి చాచిన మనిషికి కూడా అందనంత ఖాళీ వదిలే కడతారు, దూరం తక్కువగా కనిపించేలా చేయడమే అక్కడి తమాషా. అలాగని చేతులు పక్కలకు చాచమని కాదు. పట్టాల నుంచి బండి ఎగిరిపోతుందేమోనన్నది రెండో భయం. పట్టాల మీద ఒక చక్రం, పక్కన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. కింది చక్రానికి జాన్ మిల్లర్ 1919లో పేటెంట్ తీసుకున్నాడు. రైలు పట్టాలను మూడు వైపులా కరుచుకుని ఉంటుంది కాబట్టి పైకి లేవడానికి దారే లేదు.

మధ్యలో రైలు ఆగిపోయినా కంగారు పడకండి. దారిని ముక్కలుగా విడదీసి, ముందు ముక్కలో మరో రైలు ఉన్నంతసేపు వెనకదాన్ని ఆపేసే ఏర్పాటు పెద్ద కోస్టర్లలో ఉంటుంది. స్టేషన్‌లో దించడం ఆలస్యమైనా వెనక రైలు ఆగుతుంది. సిబ్బంది చెప్పేదాకా కడ్డీ మీద చేయి వేయవద్దు, లేచి నిలబడవద్దు. దిగాల్సి వస్తే పక్కన మెట్లు ఉంటాయి, వాళ్లే వచ్చి దించుతారు.

సీటు ఎంపిక

ముందు సీటా, వెనక సీటా అన్నది చిన్న విషయం కాదు. పల్లెవెలుగు బస్సులో చివరి సీటులో కూర్చుని స్పీడ్ బ్రేకర్ మీద తల పైకప్పుకు తగిలించుకున్నవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. కోస్టర్‌లో కారణం వేరైనా ఫలితం అదే. ముందు పెట్టెలు దిగుడులోకి జారి వెనక పెట్టెను లాగేస్తాయి, అది కొసను వేగంగా దాటుతుంది, సీటు మీద నుంచి లేచినట్టుంటుంది. ముందు వరుసలో దారి అంతా కనిపిస్తుంది. చూపుకు భయం, కడుపుకు సుఖం. పిరికివాళ్లు మధ్యలో కూర్చోవడం మేలు, ముందువాళ్ల తలలు దిగుడును కొంత దాచేస్తాయి, వెనక కుదుపూ ఉండదు. పన్నెండేళ్లవాణ్ణి చివరికి పంపండి.

పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుంటే మలుపుల్లో ఎవరు ఎవరి మీద పడతారో ముందే చూసుకోవాలి. పెద్దవాళ్ల బరువు పిల్లల మీదకు ఒరగకూడదు. సిబ్బంది ఏ వైపు కూర్చోమంటే ఆ వైపు కూర్చోండి, వాళ్ల లెక్క వాళ్లకుంటుంది.

తిండి, బట్టలు, వద్దనాల్సినవాళ్లు

ఖాళీ కడుపుతో ఎక్కితే మంచిదని చాలామంది నమ్ముతారు. కాదు, ఆకలితో ఉన్న కడుపుకు వికారం తొందరగా వస్తుంది. రెండు ఇడ్లీలు తిని గంట ఆగి ఎక్కండి. దారిలో హోటల్లో బిర్యానీ తిని నేరుగా వెళ్లి ఎక్కే పని మాత్రం పెట్టుకోకండి.

చున్నీ, కొంగు, విరబోసిన జుట్టు, పొడవాటి దండలు ఇవన్నీ చక్రాలకు చిక్కే ప్రమాదం ఉంది. మా ఇంటి ఆడవాళ్లకు నేను ఖచ్చితంగా చెప్పేది ఇదొక్కటే. చున్నీ బ్యాగులో పెట్టి, జుట్టు ముడివేసి, చీర బదులు ఆ ఒక్కరోజుకు పొడి రైడ్ల వరకు పంజాబీ డ్రెస్సు వేసుకోండి. కళ్లద్దాలకు తాడు కట్టుకోండి. జేబులో ఫోనుతో ఎక్కవద్దు, కింద నిలబడినవాళ్లకు ఇవ్వండి.

గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఈ మధ్య ఆపరేషన్, మూర్ఛ, వెన్ను మెడ సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు ఎంత చిన్న కోస్టర్ అయినా ఎక్కకూడదు. గేటు దగ్గర బోర్డు మీద ఇదంతా రాసి ఉంటుంది, కానీ ఆ బోర్డు చదివే సమయానికి క్యూ వెనక నుంచి తోస్తుంటుంది. ఇంట్లోనే తేల్చుకోండి.

పిల్లలు చివరి క్షణంలో వద్దంటే వద్దు. బతిమాలడం, ఎగతాళి చేయడం, "పిరికిదానా" అనడం ఏదీ పనికిరాదు. కంచె దగ్గర నిలబెట్టి ఒక రైలు బయలుదేరి తిరిగొచ్చేదాకా అంకెలు లెక్కపెట్టించండి. నూటయాభై కూడా రాకముందే రైలు వచ్చేస్తుంది. దిగినవాళ్ల ముఖాలు చూపించండి. నూటయాభై లెక్కపెట్టడం ఐదేళ్ల పిల్లకు కోస్టర్ కంటే కష్టం, ఆ ధ్యాసలో భయం మరుగున పడుతుంది.

మా ఇంటి తీర్పు

పోయిన వేసవిలో చివరికి ఇలా చేశాం. ఫిబ్రవరి జాతరలో డ్రాగన్ రైలుతో చిన్నదానికి అప్పటికే పరీక్ష అయిపోయింది. వేసవిలో హైదరాబాద్ దగ్గరి పార్కుకు వెళ్లాం, మామూలు పనిదినం చూసుకుని, గేటు తెరిచే వేళకే. ముందు మేనల్లుడూ నేనూ పెద్దదాని క్యూలో నిలబడ్డాం. దిగాక వాడు పది నిమిషాలు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. తర్వాత అందరం కలిసి చిన్న కోస్టర్ దగ్గరకు వెళ్లాం. అమ్మకు రక్తపోటు లేదు, మోకాళ్లు మాత్రం నొప్పి. మెట్లు నెమ్మదిగా ఎక్కించి మధ్య వరుసలో కూర్చోబెట్టాను. కొస మీద ఆమె "నరసింహా" అన్నది, ఆ తర్వాత కిందదాకా ఒక్క మాట లేదు. రైలు ఆగింది. నేను భయపడుతూ ఆమె వైపు తిరిగాను.

"అప్పుడే అయిపోయిందా" అన్నది. మళ్లీ క్యూలోకి నడుస్తూ సంచి నా చేతికి ఇచ్చింది.